యంత్రముల మధ్య ఉత్తరములు: సందేశ స్కీమాల నిర్మాణము

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల ప్రాంతమును నడిగడ్డ అందురు. హైదరాబాదు రాజ్యపు చివరి కాలములో తుంగభద్రయే ఈ వైపు సరిహద్దు. ఇవతలి ఒడ్డున అలంపురము, గద్వాల; అవతలి ఒడ్డున కర్నూలు. ఇవతల హాలీ సిక్కా చెల్లెడిది. అవతల కల్దారు రూపాయి చెల్లెడిది. రెండింటికిని పేరు రూపాయియే. కాని నూరు కల్దారు రూపాయలకు సరియైన హాలీ మొత్తము 116 రూపాయల 10 అణాల 8 పైలు. సంవత్సరముల లెక్కయు వేరే. కర్నూలు కచేరీలో 1948 అని వ్రాసిన కాలమును గద్వాల కచేరీలో 1357 ఫసలీ అని వ్రాసెడివారు.

ఆ రోజులలో కర్నూలు వర్తకుడొకడు గద్వాల వర్తకునకు ఉత్తరము వ్రాసి, "నూరు రూపాయలు పంపుడు" అనెననుకొందము. ఏ రూపాయలు? ఇవతలివాడు అవతలివాని సంగతి ఎరిగినవాడు గనుక గ్రహించును. సందేహము కలిగినచో మరల ఉత్తరము వ్రాసి అడుగును. మనుష్యులు పంపుకొను ఉత్తరములలో సగము మాటలు కాగితముపై ఉండును. మిగిలిన సగము చదువువాని అనుభవములో ఉండును.

నేడు ఉత్తరములు వ్రాయునవి యంత్రములు, చదువునవియు యంత్రములే. యార్డులోని కంప్యూటరు మిల్లులోని కంప్యూటరునకు వ్రాయును. మిల్లు కంప్యూటరు బ్యాంకు కంప్యూటరునకు వ్రాయును. యంత్రమునకు అనుభవము లేదు, మొగమాటమును లేదు. తిరిగి అడుగుమని మనము ముందుగా నేర్పియుండకపోయినచో అది అడుగదు. కనబడిన అంకెను కనబడినట్లే తీసికొని పని ముగించును. కావున మనుష్యుల అనుభవములో నున్న ఆ మిగిలిన సగమును గూడ కాగితముపైకి తేవలెను. అట్లు తెచ్చిన కాగితమునకే స్కీమా అని పేరు.

స్కీమా అనగా నేమి?

గళ్ళు గీచిన దరఖాస్తు ఫారమును ఎరుగనివారు లేరు. ఏ గడిలో ఏమి వ్రాయవలెను, ఏ గడిని తప్పక నింపవలెను, దేనిని వదలిపెట్టవచ్చును, తేదీ ఏ విధముగా వేయవలెను అను సంగతులు ఫారములోనే ఉండును. నింపిన ఫారములు వేలకొలది రావచ్చును. అచ్చువేసిన ఖాళీ ఫారము ఒక్కటే. స్కీమా ఆ ఖాళీ ఫారము వంటిది. సందేశము నింపిన ఫారము వంటిది. భేద మేమనగా, కచేరీ గుమాస్తా తప్పుగా నింపిన ఫారమును చూచియు ఒకప్పుడు పోనిమ్మని ఊరకొనును. యంత్రము స్కీమాను ప్రక్కన పెట్టుకొని ప్రతి సందేశమును, ప్రతి గడిని, ప్రతిసారియు పరీక్షింపగలదు.

ఈ ఆలోచన వ్యాపారములోనికి కంప్యూటర్లు రాక మునుపటిదే. 1948–49లో బెర్లిను నగరమునకు దారులు మూయబడినప్పుడు అమెరికా, బ్రిటను దేశములు విమానములలో తిండిగింజలు, బొగ్గు చేరవేసినవి. సరకుల పట్టికలు ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరున వచ్చుటచే లెక్క తేలకపోయెడిది. అప్పుడు ఎడ్వర్డ్ గిల్బర్ట్ అను అమెరికా సైనికోద్యోగి పట్టిక కంతటికిని ఒకే ఆకృతిని ఏర్పరచెను. వ్యాపార పత్రములను తంతిపై పంపు పద్ధతులకు ఇది తొలిమెట్లలో ఒకటి. తరువాత 1998లో ఎక్స్‌ఎంఎల్ అను వ్రాతపద్ధతియు, దానిలో స్కీమాలు వ్రాయుటకు 2001లో మరియొక ప్రమాణమును వెలువడినవి. ఎక్స్‌ఎంఎల్‌లో ప్రతి విలువకును ముందు వెనుకల దాని పేరు వ్రాసియుండును. ఆ పేర్లు తెలుగు లిపిలో కూడ ఉండవచ్చును. ప్రమాణ మందుకు అడ్డు చెప్పదు.

మూడు యార్డులు, ఒక మిల్లు

ఒక ఉదాహరణమును ఊహింతము. వనపర్తి దగ్గర నొక నూనె మిల్లు కలదు. అది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మార్కెట్ యార్డులలో పల్లికాయ కొనును. రైతు బస్తాలు దించును. హమాలీలు కాంటాపై పెట్టుదురు. దడ్‌వాయి తూకము చెప్పును. ధర, తూకము, తరుగు వేసి తక్‌పట్టీ వ్రాయుదురు. ఆ తక్‌పట్టీని బట్టియే రైతునకు డబ్బు రావలెను. ఈ కథలో ముఖ్య పత్రము తక్‌పట్టీయే.

మూడు యార్డులలోను లెక్కలు కంప్యూటరులోనే ఉన్నవి, కాని మూడు వేర్వేరు తీరుల నున్నవని అనుకొందము. ఒకచోట తూకము కిలోలలో వ్రాయుదురు, ఒకచోట క్వింటాళ్ళలో, ఒకచోట బస్తాల సంఖ్య మాత్రము. మిల్లు లెక్కల సాఫ్ట్‌వేర్ నాలుగవది. డబ్బు జమచేయు బ్యాంకు ఐదవది. పన్నుల పోర్టలు ఆరవది.

ఈ ఆరుగురును ఒకరితో నొకరు నేరుగా మాటాడవలెనన్నచో ఒక్కొక్కరు మిగిలిన ఐదుగురి భాషలోనికి మార్చుకొనవలెను; అనగా 6 × 5 = 30 అనువాదములు. ఏడవవాడు చేరినచో 42. ఇట్లుగాక నడుమ నొక ఉమ్మడి భాషను ఏర్పరచినచో, ఒక్కొక్కరికి దానిలోనికి ఒక అనువాదము, దానినుండి ఒక అనువాదము చాలును. ఆరుగురికి 12, ఏడుగురికి 14. ఈ ఉమ్మడి భాషయే మధ్యస్థ స్కీమా. వ్యాపార సమన్వయ సాఫ్ట్‌వేర్ అనునది ఒకేసారి తపాలా కచేరీగాను, దుబాసీగాను పనిచేయును. వచ్చిన సందేశమును స్వీకరించును, స్కీమాతో పోల్చి పరీక్షించును, అవతలివాని భాషలోనికి మార్చును, చేర్చవలసినచోట చేర్చును. మైక్రోసాఫ్ట్ సంస్థ 2000లో వెలువరించిన బిజ్‌టాక్ సర్వర్ ఇట్టి పనిముట్టు. ఐబీఎం, ఎస్‌ఏపీ మొదలైన సంస్థలకును ఇట్టివి కలవు. పేర్లు వేరైనను ప్రధాన సూత్రము లొక్కటే.

ప్రాజెక్టును ఏర్పరచుట

పనివారు మొదట చేయు తప్పు అంతయు ఒకే మూటలో కట్టుట. స్కీమాలు, అనువాద పటములు, పని నడచు క్రమము అను మూడింటిని వేర్వేరు ప్రాజెక్టులుగా ఉంచవలెను. ఏలననగా వీటిలో ఒకదానిపై నొకటి ఆధారపడియుండును. అనువాద పటము స్కీమాలపై నిలుచును. పనిక్రమము ఆ రెండింటిపైని నిలుచును. స్కీమాలు పునాది, మిగిలినవి గోడలు, పైకప్పు. ఒక పనిక్రమములో చిన్న మార్పు చేయుటకు పునాదిని కదలింపరాదు. అన్నిటిని కలిపి కట్టినచో, అంతరాత్రివేళ ఒక గోడకు సున్నము వేయుటకు ఇల్లంతయు దింపి మరల ఎత్తవలసివచ్చును.

రెండవది పేర్ల సంగతి. గద్వాల యార్డువారి పత్రమునకు తక్‌పట్టీ అని పేరు. వనపర్తివారి పత్రమునకును అదే పేరు. కాని లోపలి గళ్ళు వేరు. ఒక ఊరిలో ఇద్దరు రాములున్నచో ఇంటిపేరుతో వేరుపరచినట్లు, ప్రతి స్కీమాకును ఒక ఇంటిపేరు పెట్టవలెను. దీనిని నామావరణ మనవచ్చును. బిజ్‌టాక్ వంటి పనిముట్లు ఈ ఇంటిపేరును, సందేశపు మొదటి గడి పేరును కలిపి చూచియే "ఇది ఫలానా జాతి సందేశము" అని గుర్తించును. రెండు స్కీమాలకు ఈ రెండును ఒకటే అయినచో యంత్రము దేనితో పోల్చవలెనో తెలియక ఆగిపోవును. కనుక ఇంటిపేరులో సంస్థ, పత్రము, కూర్పు సంఖ్య మూడును ఉండుట మంచిది. కూర్పు సంఖ్య ఎందుకో ముందు తెలియగలదు.

మూడవది ముద్ర. సిద్ధమైన ప్రాజెక్టుపై ఒక రహస్య సంఖ్యతో ముద్రవేసి స్థాపింతురు. ఇందువలన అదే పేరుగల మరియొకటి దాని స్థానములో దూరకుండును. రశీదు పుస్తకముపై కచేరీ మొహరు వంటిది ఇది.

గడి వెంట గడి

ఇక స్కీమా కట్టుదము. తక్‌పట్టీలో ఏయే గళ్ళు ఉండవలెను?

స్థలము. "కర్నూలు" అని వ్రాసినచో అది తుంగభద్ర కవతలి కర్నూలా, నాగర్‌కర్నూల్‌నకు ఎవరో తగ్గించి వ్రాసిన పేరా? ఇంగ్లీషు అక్షరములలో వనపర్తిని ఒకరు ఒక తీరున, మరియొకరు ఇంకొక తీరున వ్రాయుదురు. కావున స్థలమును పేరుతో గాక ముందుగా నిర్ణయించిన సంకేతముల పట్టికనుండి మాత్రమే ఎన్నుకొనవలెనని స్కీమాలో నియమింపవలెను. పట్టికలో లేనిది వచ్చినచో త్రోసివేయవలెను.

రైతు గుర్తింపు. పేరును బట్టి రైతును గుర్తింపరాదు. ఒకే పేరు ఒకే ఊరిలో పదిమందికి ఉండవచ్చును. సంఖ్యను బట్టియే గుర్తింపవలెను. పేరు చదువుకొనుటకు మాత్రము ఉంచవలెను.

బ్యాంకు ఖాతా. ఇది అంకెలతో వ్రాసినను సంఖ్య కాదు. ఎవ్వరును రెండు ఖాతా నంబర్లను కూడరు. దీనిని సంఖ్యగా ప్రకటించినచో ముందున్న సున్నలు రాలిపోవును. 0052 అనునది 52 అగును. అందుచేత ఖాతాను అక్షరమాలగా ప్రకటింపవలెను. సర్వే నంబరును అంతే. మన పహాణీలలో 45/అ, 45/ఆ/1 అని ఉపవిభాగము లుండును. 3/2 అను సర్వే నంబరును లెక్కల పట్టిక సాఫ్ట్‌వేర్‌లో వేసినచో అది దానిని తేదీ అనుకొని మార్చివేయుట అందరును ఎరిగినదే. భూమి నంబరు ఒక్కసారి ఫిబ్రవరి మాసమైన తరువాత దానిని మరల భూమిగా మార్చుట కష్టము.

తేదీ. 05/02/2025 అనగా మనకు ఫిబ్రవరి 5. అమెరికా అలవాటున మే 2. ఎక్స్‌ఎంఎల్ స్కీమా ప్రమాణములోని తేదీకి ముందు సంవత్సరము, తరువాత నెల, ఆ తరువాత రోజు: 2025-02-05. ఏది ఎన్నుకొన్నను సరే, ఒక్కటే ఎన్నుకొనవలెను. ఎన్నుకొన్నదానిని స్కీమాలో వ్రాయవలెను.

తూకము. ఇది అన్నిటిలోను జాగ్రత్త పడవలసిన గడి. కనుక దీనిని గూర్చి ప్రత్యేకముగా చెప్పెదను.

పందొమ్మిది అను అంకె

ఒక రైతు 50 బస్తాల పల్లికాయ తెచ్చెను. గోనె బరువు పోగా బస్తాకు 38 కిలోల చొప్పున 1,900 కిలోలు, అనగా 19 క్వింటాళ్ళు. 2024–25 కాలమునకు వేరుశనగకు కేంద్రప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. ఆ ధరకే కొన్నట్లు లెక్కవేసినచో రైతునకు రావలసినది 1,28,877 రూపాయలు.

సందేశములో తూకపు గడిలో ఉత్త 19 అని మాత్రమే ఉన్నదనుకొందము. మిల్లు సాఫ్ట్‌వేర్ తూకము లన్నియు కిలోలలో వచ్చునని తలచి నడచునది. అప్పుడది 19 కిలోలకు లెక్కవేసి 1,288 రూపాయల 77 పైసలు జమచేయుమని బ్యాంకునకు వ్రాయును. ఇక బస్తాల సంఖ్యను పంపు యార్డునుండి 50 అని వచ్చి, దానిని క్వింటాళ్ళుగా చదివినచో 3,39,150 రూపాయలు జమయగును. మొదటిదానివలన రైతు నష్టపడును. రెండవదానివలన మిల్లు నష్టపడును. తరువాత తిరిగి కట్టుమన్నప్పుడు రైతే ఇబ్బంది పడును. చిత్ర మేమనగా, ఈ రెండు సందేశములలో ఏదియు అంకెగా తప్పు కాదు. 19 సంఖ్యయే, 50 సంఖ్యయే.

ఇందులకు మందు సులభము. తూకము గడి ప్రక్కనే ప్రమాణపు గడి ఒకటి ఉండవలెను. అది తప్పనిసరి కావలెను. అందులో కిలో, క్వింటాలు, బస్తా అను మూడింటిలో ఒకటి తప్ప మరియొకటి వ్రాయ వీలుండరాదు. ధరకును అట్లే: ఎంతకు అను గడి, దేనికి అను గడి. స్థూల తూకము, గోనె బరువు, తరుగు, నికర తూకము నాలుగును వేర్వేరు గళ్ళలో ఉండవలెను. తరుగు ఎంత తీసిరో తెలియక నికర తూకము మాత్రమే పంపినచో, రైతు అడిగినప్పుడు చూపుట కేమియు మిగులదు. స్కీమాలో గడి లేని సంగతి ముందుకు పోవు లెక్కలలో జరుగని సంగతి వంటిది.

ఈ విషయములో పెద్ద సంస్థలును దెబ్బతిన్నవి. 1998 డిసెంబరులో అమెరికావారు అంగారకునివద్దకు పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌక 1999 సెప్టెంబరు 23న నశించెను. నేలపైనున్న ఒక సాఫ్ట్‌వేర్ తోపుడు లెక్కను పౌనులలో వ్రాసెను. దానిని చదివిన సాఫ్ట్‌వేర్ న్యూటన్లని తలచెను. ఒక పౌను బలము దాదాపు 4.45 న్యూటన్లు. మెట్రిక్ ప్రమాణములనే వాడవలెనను ఒప్పందము కాగితముపై ఉన్నది. కాని వచ్చిన అంకెలు దాని ప్రకారము ఉన్నవా అని ఎవరును పరీక్షింపలేదు. ఒప్పందము వ్రాసికొనుట సగము పని. ప్రతి సందేశమును దానితో పోల్చుట మిగిలిన సగము.

ఖాళీయు సున్నయు

తక్‌పట్టీలో తేమ శాతమునకు ఒక గడి ఉన్నది. ఒక యార్డులో తేమ కొలుచు యంత్రము ఆనాడు పనిచేయలేదు. గుమాస్తా ఏమి పంపవలెను? ఖాళీగా వదలినచో సాఫ్ట్‌వేర్ ఒప్పుకొనకపోవుటచే 0 అని కొట్టెననుకొందము. మిల్లువారికి అది తేమయే లేని అద్భుతమైన కాయగా కనబడును. కొలిచి సున్న అనుట వేరు, కొలువలేదనుట వేరు. స్కీమాలో ఈ గడిని ఐచ్ఛికముగా ప్రకటించి, కొలువనప్పుడు గడియే లేకుండ పంపవచ్చునని చెప్పవలెను. గళ్ళన్నిటిని తప్పనిసరి చేసినచో జాగ్రత్త పెరుగునని కొందరు తలతురు. నిజమునకు అబద్ధములు పెరుగును. నింపలేని గడిని నింపుమని బలవంతపెట్టినచో మనుష్యుడు ఏదో ఒకటి నింపి తన పని చూచుకొనును.

లోకము మారును, స్కీమాయు మారును

2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లానుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడినవి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరుపడినది. జిల్లాల పట్టికను స్కీమాలో బిగించిన ప్రతి సాఫ్ట్‌వేర్‌కును ఆ రోజులలో పని పడినది. పాత పట్టికతో నున్న యంత్రము "వనపర్తి జిల్లా" అను మాటను తప్పని త్రోసివేయును. పట్టికనుండి పాత పేర్లు తీసివేసినచో, 2015 నాటి పత్రములు, అవి వ్రాసిననాడు నిజమైనను, నేడు చెల్లకుండ పోవును.

వాహన సంఖ్యల సంగతియు ఇట్టిదే. మహబూబ్‌నగర్ బండ్లకు ఏపీ 22 ఉండెడిది. 2014లో టీఎస్ 06 అయినది. కొత్త జిల్లాలు వచ్చిన తరువాత నాగర్‌కర్నూల్‌కు టీఎస్ 31, వనపర్తికి టీఎస్ 32, గద్వాలకు టీఎస్ 33 వచ్చినవి. 2024 మార్చినుండి కొత్తగా నమోదగు బండ్లకు టీఎస్ బదులు టీజీ వేయుచున్నారు. నేడు గద్వాల రోడ్డుపై ఈ మూడు తరముల బండ్లును నడచుచున్నవి. వాహన సంఖ్య టీఎస్‌తోనే మొదలుకావలెనని ఎవరైన స్కీమాలో నియమించియున్నచో, కొత్త లారీ పల్లికాయ ఎత్తుకొని యార్డు గేటువద్ద నిలువవలసినదే. లారీలో లోపము లేదు, సరకులో లోపము లేదు. ఎవరో ఎప్పుడో బిగించిన నియమములో లోపము.

కావున రెండు జాగ్రత్తలు అవసరము. మారనివాటిని గట్టిగాను, మారెడివాటిని వదులుగాను నియమింపవలెను. జిల్లా పేర్లు, వాహన సంకేతములు వంటివి స్కీమాలో గాక వేరు పట్టికలో ఉంచి సరిచూచుట మేలు. ఇక స్కీమానే మార్చవలసివచ్చినప్పుడు పాతదానిని చెరిపి వ్రాయరాదు. కొత్త కూర్పు సంఖ్యతో కొత్త స్కీమా ప్రకటించి, కొంతకాలము రెండింటిని ఒప్పుకొనవలెను. నాణెములు మారిననాడును ఇట్లే జరిగినది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చినప్పుడు అణాలు మరునాడే మాయము కాలేదు; కొన్నియేండ్లు రెండును చెల్లినవి.

దేశమంతటికి ఒక స్కీమా

ఇదంతయు పెద్ద నగరముల కంపెనీల గొడవ యని తలపరాదు. వస్తుసేవల పన్ను 2017 జూలై 1న వచ్చినది. ఆ పన్ను క్రింద వ్యాపారులు ఒకరికొకరు ఇచ్చుకొను బిల్లులకు కేంద్రము ఒకే స్కీమాను నిర్ణయించి, 2020 అక్టోబరు 1న అమలు మొదలుపెట్టినది. మొదట 500 కోట్ల టర్నోవరు దాటినవారికి. మెట్లు మెట్లుగా దింపి 2023 ఆగస్టు 1నుండి 5 కోట్లు దాటినవారికి అది వర్తించినది. 5 కోట్ల టర్నోవరు గల వర్తకులు చిన్న పట్టణముల లోను ఉందురు.

ఆ స్కీమాలో మనము పైన చెప్పుకొన్నవన్నియు కనబడును. బిల్లు నంబరు 16 అక్షరములకు మించరాదు. పన్ను నమోదు సంఖ్యలో సరిగా 15 అక్షరములు. మొదటి రెండు రాష్ట్ర సంకేతము, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. పిన్‌కోడు ఆరంకెలే. సరకునకు పేరుతోపాటు సంకేతము: వేరుశనగకు 1202, వేరుశనగ నూనెకు 1508. కిలోకు, క్వింటాలుకు, బస్తాకు వేర్వేరు మూడక్షరముల సంకేతములు. సందేశము స్కీమాకు సరిపోయినచో పోర్టలు దానికి 64 అక్షరముల గుర్తింపు సంఖ్య ఇచ్చును. అమ్మినవాని నమోదు సంఖ్య, ఆర్థిక సంవత్సరము, పత్రపు జాతి, పత్రము నంబరు అను నాలుగింటినుండి గణించిన సంఖ్య గనుక అదే బిల్లును రెండవసారి పంపినచో అదే సంఖ్య వచ్చును; పోర్టలు పట్టివేయును. సరిపోనిచో తప్పును చూపి త్రిప్పిపంపును. ఈ స్కీమా వర్తించు వర్తకునకు అట్టి సంఖ్య లేని బిల్లు చెల్లదు.

పరీక్ష, నిలిపివేత

స్కీమా సిద్ధమైన వెంటనే అనువాద పటములకు పోరాదు. మొదట మాదిరి సందేశములతో పరీక్షింపవలెను. ఇట్టి పనిముట్లలో చాలవాటికి స్కీమానుండి మాదిరి సందేశము పుట్టించు వసతి, ఇచ్చిన సందేశమును స్కీమాతో పోల్చు వసతి ఉండును. మంచి సందేశములు చెల్లుచున్నవా అని చూచుట అందరును చేయుదురు. చెడు సందేశములు త్రోసివేయబడుచున్నవా అని చూచుట అరుదు, అదియే ముఖ్యము. ప్రమాణము లేని తూకము, పట్టికలో లేని స్థలము, ఫిబ్రవరి 30, రెండుసార్లు వచ్చిన తక్‌పట్టీ, తెలుగు అక్షరములు గల సర్వే నంబరు: వీటినన్నిటిని ముందే తయారుచేసికొని ఒక సంచికలో ఉంచి, మార్పు చేసిన ప్రతిసారియు మరల నడపవలెను. అన్నిటికంటె మేలైన మాదిరులు మూడు యార్డులనుండి తెచ్చిన నిజమైన తక్‌పట్టీలు, ముఖ్యముగా చిరిగినవి, కొట్టివేతలు గలవి, అంచున ఏదో వ్రాసినవి. అంచున వ్రాసిన వ్రాత స్కీమాలో మనము మరచిన గడి.

త్రోసివేసిన సందేశము ఎక్కడికి పోవును? సమన్వయ సాఫ్ట్‌వేర్ దానిని చెత్తలో పారవేయదు. ప్రక్కన నిలిపి ఉంచును. దానిని చూచు మనిషి ఒకడు ఉండవలెను, అతనికి యార్డు ఫోను నంబరు తెలిసియుండవలెను. అతడు లేనిచో యంత్రము చేసిన జాగ్రత్త రైతు పాలిట ఆలస్యముగా పరిణమించును. తెరమీద పచ్చదీపము వెలుగుచుండును. నిలిపిన సంచికలో ఒక రైతు ఏడాది పంట పడియుండును.

స్కీమా చేయలేనిది

స్కీమా రూపమును పరీక్షించును, సత్యమును పరీక్షింపదు. 38 కిలోల బస్తాను 36 అని వ్రాసినచో, 36యు చక్కని సంఖ్యయే గనుక సందేశము చెల్లును. కాంటాపై అన్యాయమును కంప్యూటరు సరిదిద్దదు. అయితే ఏ గడిలో ఏమి వ్రాసిరో, తరుగు ఎంత తీసిరో, ఏనాడు పంపిరో నిలిచియుండునట్లు చేయగలదు, అడిగినవానికి చూపగలదు. అంతకు మించి దానినుండి ఆశింపరాదు. అంతకు తగ్గినదానితో తృప్తిపడరాదు.

కాబట్టి ఇట్టి పని చేయబూను విద్యార్థులకు ఒక్క మాట. గద్వాల చీరలో నూలు ఒడలును పట్టు అంచును వేర్వేరు. అవి కలియుచోటనే నేతగాని పనితనము తెలియును. రెండు సాఫ్ట్‌వేర్లు కలియుచోటును అట్టిదే. ఆ చోటిని కుదుర్చుటకు ముందు కంప్యూటరు తెరువనక్కరలేదు. యార్డునకు పోయి కాంటా ప్రక్కన ఒక పూట కూర్చుండవలెను. బస్తా అనగా ఎంత, తరుగు ఎందుకు, తేమ కొలువనినాడు ఏమి చేయుదురు, ఈ అంచున వ్రాసిన గుర్తునకు అర్థమేమి అని దడ్‌వాయిని, గుమాస్తాను, రైతును అడుగవలెను. తరువాత యంత్రము అడుగలేని ప్రశ్న లన్నియు మనము ముందే అడిగి, వచ్చిన జవాబులను గళ్ళుగా వ్రాయవలెను. అప్పుడు పందొమ్మిది అను అంకె ఏ యార్డునుండి బయలుదేరినను, ఎన్ని యంత్రముల చేతులు మారినను, రైతు ఖాతాకు చేరునప్పటికి పందొమ్మిది క్వింటాళ్ళుగానే చేరును.